కారుకు తెలుసు, యజమానికి తెలియదు

సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను ఆపాలా వద్దా అని లెక్కలు కట్టే పరికరం బ్యాటరీని అంటిపెట్టుకునే ఉంటుంది. దానికి తెలిసిన నిజం డబ్బు కట్టే మనిషి దాకా చేరడం లేదు

సర్వీస్ సెంటర్లకు వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి కాస్త విచిత్రంగా ఉంటుంది. ‘‘సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం లేదండీ.’’ అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు నడిపిన తరానికి ఈ మాట వింటే నవ్వొస్తుంది. వాళ్ల బాధలు సరిగ్గా దీనికి తలకిందులు. నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోవడం, సెల్ఫ్ తీసుకోకపోవడం, దారిన పోయేవాళ్లను బతిమాలి బండి తోయించుకోవడం. ఆ కారు ఆగితే తలనొప్పి, ఈ కారు ఆగకపోతే తలనొప్పి.

యజమానులు చెప్పేది దాదాపు ఒకే కథ. కొన్న కొత్తలో ఎర్రలైటు దగ్గర బండి నిలబడగానే ఇంజిన్ తనంతట తానే ఆగేది. క్లచ్ తొక్కితే, ఆటోమేటిక్ అయితే బ్రేకు మీది కాలు తీస్తే, మళ్లీ అందుకునేది. రెండేళ్లు గడిచాక అప్పుడప్పుడూ ఆగడం మానేసింది. ఆ తర్వాత పూర్తిగా మానేసింది. మెకానిక్ బానెట్ ఎత్తి, మీటరు పెట్టి చూసి, ‘‘బ్యాటరీ బాగానే ఉంది సార్, పన్నెండున్నర చూపిస్తోంది’’ అంటాడు. మీటరు అబద్ధం చెప్పదు, నిజమే. కానీ మొత్తం నిజమూ చెప్పదు. బహిరంగ సభకు వచ్చిన జనాన్ని చూసి ఎన్నికల ఫలితం చెప్పడం ఎలాంటిదో, వోల్టేజి చూసి బ్యాటరీ సత్తా చెప్పడం అలాంటిది. జనం కనిపిస్తారు. ఓట్లు లెక్కపెడితే గానీ తెలియవు.

ఓట్లు లెక్కపెట్టే అధికారి కూడా అదే బానెట్ కింద ఉన్నాడు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ క్లాంపుకు అతుక్కుని, ఇంచుమించు అగ్గిపెట్టెంత పరిమాణంలో, సన్నని వైరు తోకతో ఒక పరికరం కనిపిస్తుంది. దాని పేరు బ్యాటరీ సెన్సర్. చాలామంది యజమానులు దాన్ని ఎన్నడూ గమనించి ఉండరు. క్లాంపులో అదీ ఒక ముక్క అనుకునేవారూ ఉన్నారు. ఇంజిన్‌ను ఆపాలా వద్దా అని కారు కంప్యూటర్ నిర్ణయించేటప్పుడు అన్నిటికంటే బరువైన సాక్ష్యం మాత్రం దానిదే.

బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఎందుకు తిరగాలన్న ప్రశ్న ఇవాళ్టిది కాదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆంక్షలు విధించాయి. మరుసటేడే, 1974లో, జపాన్‌లో టొయోటా తన క్రౌన్ కారుకు ఇంజిన్ ఆపే ఏర్పాటు చేసింది. 1980లలో ఇటలీకి చెందిన ఫియట్ రెగాటా, జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ పోలో అదే బాట పట్టాయి. 1990లలో గోల్ఫ్ ఎకోమాటిక్ వచ్చింది. ఏదీ నిలదొక్కుకోలేదు. చమురు మళ్లీ చౌకైంది. పైగా ఇంజిన్ ఆగితే డ్రైవరు గుండె ఆగినంత పనయ్యేది. వీటికి తోడు మరో ఇబ్బంది ఉంది. ఇప్పుడు ఆపితే మళ్లీ స్టార్టవుతుందా అన్న ప్రశ్నకు ఆనాటి కారు దగ్గర ఇప్పటంత కచ్చితమైన జవాబు లేదు.

ఆ జవాబు 2000 తర్వాత దొరికింది. 2003లో వచ్చిన బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో మైనస్ టెర్మినల్ మీదే సెన్సర్ బిగించారు. 2004లో సిట్రోయెన్ సీ3 స్టాప్-స్టార్ట్‌తో మార్కెట్లోకి వచ్చింది. 2007లో బీఎండబ్ల్యూ దాన్ని తన 1 సిరీస్ కార్లకు తెచ్చింది. మన దేశంలో 2008లో మహీంద్రా స్కార్పియో ‘మైక్రో హైబ్రిడ్’ పేరిట ఈ ఏర్పాటు చేసింది. 2015లో మారుతి సియాజ్, ఎర్టిగాలు అందుకున్నాయి. 2014లో హీరో స్ప్లెండర్ ఐస్మార్ట్‌తో, 2019లో హోండా యాక్టివా 125తో ఇది ద్విచక్ర వాహనాల దాకా వచ్చింది. పెద్ద కారైనా చిన్న స్కూటరైనా నియమం ఒకటే. బ్యాటరీలో సత్తువ లేదనిపిస్తే ఇంజిన్‌ను ఆపకూడదు.

ఈ నియమం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే బ్యాటరీ కష్టం తెలియాలి. మామూలు కారులో దాని ఉద్యోగం సుఖమైనది. పొద్దున్నే ఇంజిన్‌ను లేపుతుంది. ఆ ఒకట్రెండు సెకన్లలో చిన్న కారుకైతే 200 నుంచి 400 ఆంపియర్ల కరెంటు ధారపోస్తుంది. ఆ తర్వాత ఆల్టర్నేటర్, అంటే పాత మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అని పిలిచేది, రోజంతా దానికి మేత పెడుతుంది. స్టాప్-స్టార్ట్ కారులో ఈ సుఖం లేదు. ఇంజిన్ ఆగిన ప్రతిసారీ ఆల్టర్నేటర్ కూడా ఆగుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు, పాటలు, ఫోన్ ఛార్జింగ్ అన్నీ బ్యాటరీ మీదే పడతాయి.

మాటిమాటికీ స్టార్ట్ చేయడం వల్లే బ్యాటరీ హరించుకుపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే సంగతి వేరుగా ఉంటుంది. వేడిగా ఉన్న ఇంజిన్ అర సెకనులో అందుకుందనుకుందాం. 300 ఆంపియర్లు అర సెకను పాటు తీస్తే ఖర్చు 0.04 ఆంపియర్-అవర్లు. అదే ఇంజిన్ ఆగి ఉన్న ఒక్క నిమిషంలో లైట్లు, ఫ్యానుకు 30 ఆంపియర్లు పోతే ఖర్చు అర ఆంపియర్-అవర్. అంటే లేవడానికి అయ్యే ఖర్చుకు పన్నెండు రెట్లు ఊరికే నిలబడినందుకు అవుతోంది. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు వేళ వెళ్లే కారు నిమిషం చొప్పున 20 సార్లు ఆగితే దాదాపు 11 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది ఆరో వంతు కంటే ఎక్కువ. ఆ లోటును సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య దొరికే కాస్త పరుగులో ఆల్టర్నేటర్ పూడ్చాలి. పూడ్చగలిగిందా లేదా అన్నది ఎవరో ఒకరు పద్దు రాయాలి.

పద్దు రాసేది సెన్సరే. దాని లోపల ఉన్నది చిన్న లోహపు పలక. రాగిలో మాంగనీసు, నికెల్ కలిపి చేసే మాంగనిన్ అనే మిశ్రమ లోహం దీనికి వాడతారు. 19వ శతాబ్ది చివర్లో ఎడ్వర్డ్ వెస్టన్ రూపొందించిన ఈ లోహానికి ఒక మంచి గుణం ఉంది. వేడెక్కినా చల్లబడినా దాని నిరోధం దాదాపు మారదు. బానెట్ కింద ఎండాకాలం ఉండే వేడికి అలాంటి స్థిరబుద్ధే కావాలి. పలక నిరోధం 100 మైక్రో ఓములు, అంటే ఓములో పదివేలో వంతు. కారు మొత్తం వాడే కరెంటు బాడీ గుండా తిరిగి మైనస్ టెర్మినల్‌కే చేరుతుంది కాబట్టి దారిలో ఈ పలకను దాటకుండా పోలేదు. టోల్‌గేటు అక్కడ పెట్టడంలోని కిటుకు అదే.

ఆ తర్వాతది పదో తరగతి పాఠం. ఓమ్ సూత్రం ప్రకారం పలకకు రెండు వైపులా వోల్టేజి తేడా కొలిస్తే ఎంత కరెంటు పోయిందో తెలుస్తుంది. ఇంజిన్‌ను లేపేటప్పుడు 300 ఆంపియర్లు పోతే తేడా 30 మిల్లీ వోల్టులు. కారు తాళం వేసి పడుకోబెట్టినప్పుడు అలారం, గడియారం లాంటివి 30 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే తేడా 3 మైక్రో వోల్టులు. రెండింటికీ మధ్య పదివేల రెట్ల అంతరం. ఏనుగునూ చీమనూ ఒకే తక్కెడలో తూచే పని ఇది. దీంతోపాటు బ్యాటరీ వోల్టేజినీ, టెర్మినల్ దగ్గరి ఉష్ణోగ్రతనూ సెన్సర్ కొలుస్తుంది. కొలిచినదంతా ఒకే ఒక వైరు మీద కారు కంప్యూటర్‌కు చేరవేస్తుంది.

ఈ మూడు కొలతల నుంచి మూడు ప్రశ్నలకు జవాబు రావాలి. ఛార్జి ఎంత ఉంది? బ్యాటరీ ఎంత ముసలిదైంది? ఇప్పుడు ఆపితే మళ్లీ లేపగలదా?

మొదటి ప్రశ్నకు జవాబు జమాఖర్చుల పుస్తకం. వచ్చిన కరెంటు జమ, పోయిన కరెంటు ఖర్చు. కాకపోతే ఏ పుస్తకంలోనైనా పైసల తేడా వస్తుంది. రోజులు గడిచేకొద్దీ అది రూపాయల తేడా అవుతుంది. అందుకే సెన్సర్ అప్పుడప్పుడూ పెట్టె తెరిచి నగదు లెక్కపెట్టుకుంటుంది. కారు కొన్ని గంటలపాటు కదలకుండా ఉంటే బ్యాటరీ వోల్టేజి కుదురుకుంటుంది. ఆ స్థితిలో 12.7 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి వచ్చినట్టు. దాన్ని బట్టి సెన్సర్ తన పుస్తకం సరిచేసుకుంటుంది. రాత్రంతా ఇంటిముందు నిద్రపోయే కారుకు ఈ అవకాశం రోజూ దొరుకుతుంది. రెండు షిఫ్టుల్లో తిరిగే క్యాబ్‌కు అంత సులభంగా దొరకదు.

మెకానిక్ మీటరు ఎక్కడ మోసపోయిందో రెండో ప్రశ్న దగ్గర తేలుతుంది. కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఆరోగ్యంగానే కనిపిస్తాడు. మూడంతస్తులు ఎక్కమంటే అప్పుడు తెలుస్తుంది. ఇంజిన్ స్టార్టయిన ప్రతిసారీ సెన్సర్ ఆ మెట్ల పరీక్ష పెడుతుంది. 300 ఆంపియర్లు లాగినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒకటిన్నర వోల్టు పడిపోతే దాని అంతర్గత నిరోధం 5 మిల్లీ ఓములు. మూడు వోల్టులు పడిపోతే 10. నిరోధం పెరుగుతోందంటే వయసు మీద పడుతోందని అర్థం. ఖాళీగా ఉన్నప్పుడు పన్నెండున్నర చూపించిన బ్యాటరీయే మెట్ల దగ్గర చతికిలబడొచ్చు. ఆ సంగతి సెన్సర్‌కు తెలుసు.

మూడో ప్రశ్న మొదటి రెండింటి కలయిక. ఇంత ఛార్జి, ఇంత వయసు, ఇంత ఉష్ణోగ్రత ఉన్నప్పుడు మరోసారి ఇంజిన్‌ను లేపితే వోల్టేజి ఎంతదాకా పడుతుందో కంప్యూటర్ ముందే అంచనా వేస్తుంది. ఆ పతనం ప్రమాదకరంగా ఉంటుందనిపిస్తే ఇంజిన్‌ను ఆపదు. ఛార్జి ఎంతకు తగ్గితే ఆపకూడదన్న గీత కంపెనీని బట్టి మారుతుంది. గీత ఎక్కడ గీసినా ఉద్దేశం మాత్రం ఒకటే. అర్ధరాత్రి ఫ్లైఓవర్ మీద పిల్లాపాపలతో ఉన్న కుటుంబం నడిరోడ్డున చిక్కుకుపోకూడదు. ఆగని ఇంజిన్ చాలాసార్లు చెడిపోయిన ఇంజిన్ కాదు, జాగ్రత్తపడుతున్న ఇంజిన్.

అన్ని నేరాలూ బ్యాటరీవే కావన్నదీ వాస్తవమే. సీటు బెల్టు పెట్టుకోకపోయినా, ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా, బానెట్ సరిగా మూయకపోయినా ఇంజిన్ ఆగదు. మే నెల విజయవాడలో ఏసీ పూర్తిగా పెట్టుకుని వెళుతుంటే బ్యాటరీ ఎంత బాగున్నా ఆగకపోవచ్చు. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే కాబట్టి క్యాబిన్ వేడెక్కుతుంటే కంప్యూటర్ ఇంజిన్ వైపే మొగ్గుతుంది. ఆ ఎండే మరోవైపు నుంచి బ్యాటరీని తినేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది స్థూలంగా చెప్పుకునే సూత్రం. లోపలి తుప్పు కూడా అందులో భాగమే. చలి దేశాల్లో బ్యాటరీ మంచులో మొరాయిస్తుంది. మన దగ్గర ఎండలో ముసలిదవుతుంది.

ఇంత తెలిసిన సెన్సర్ యజమానికి ఏం చెబుతుంది? చాలా కార్లలో దాదాపు ఏమీ చెప్పదు. డ్యాష్‌బోర్డు మీద ‘ఎ’ అక్షరం చుట్టూ బాణం ఉన్న గుర్తు వెలగదు. లేదా స్టాప్-స్టార్ట్ ప్రస్తుతం అందుబాటులో లేదని ఒక ముక్క కనిపిస్తుంది. ఏసీ వల్లనా, బెల్టు వల్లనా, బ్యాటరీ వల్లనా తెలియదు. ఛార్జి ఎంత శాతం ఉందో, నిరోధం ఎంత పెరిగిందో కంప్యూటర్‌లో అంకెలతో సహా ఉంటుంది. చూడాలంటే స్కానర్ కావాలి. ఆ స్కానర్ కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉంటుంది. వీధి చివరి మెకానిక్ దగ్గర ఉన్నది పాత మీటరే.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. ఒకప్పుడు బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి గ్రావిటీ చూసేవారు. ఏ సెల్ చచ్చిందో పక్కన నిలబడ్డ యజమానికి కూడా కనిపించేది. ఆ తర్వాత నీళ్లు పోయనక్కరలేని బ్యాటరీలు వచ్చాయి. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమర రాజా సంస్థ తయారుచేసే అమరాన్ 2000 సంవత్సరంలో మార్కెట్లోకి వచ్చి ఆ మార్పును దేశవ్యాప్తంగా ఇంటింటికీ తెచ్చిన బ్రాండ్లలో ఒకటైంది. సౌకర్యం పెరిగింది, చొక్కాలకు యాసిడ్ చిల్లులు తప్పాయి. కానీ మూతతోపాటు లోపలికి చూసే కిటికీ కూడా మూసుకుపోయింది. సెన్సర్ ఆ కిటికీని మళ్లీ తెరిచింది. అయితే అది కంప్యూటర్ వైపుకే తెరుచుకుంది.

తెలియనితనం ఖరీదు ఎలా ఉంటుందో చూడటానికి 2020 లాక్‌డౌన్ మంచి ఉదాహరణ. మార్చి 25 నుంచి మే 3 దాకా మొదటి రెండు విడతలే 40 రోజులు. తాళం వేసిన కారు 30 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు, 40 రోజులకు దాదాపు 29. బ్యాటరీ 45 ఆంపియర్-అవర్లదైతే మూడింట రెండొంతులు ఖర్చయినట్టే. అలా ఖాళీగా పడి ఉన్న సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడితే మళ్లీ పూర్తిగా కోలుకోవడం కష్టం. సెన్సర్లున్న కార్లలో అవి మధ్యమధ్య మేలుకుని ఈ హరణాన్ని నమోదు చేసుకుంటూనే ఉంటాయి. వాటి పద్దు ఇంట్లో కూర్చున్న యజమానికి చేరే దారి మాత్రం చాలా కార్లలో లేదు.

అసలు నష్టం బ్యాటరీ మార్చేటప్పుడు మొదలవుతుంది. స్టాప్-స్టార్ట్ కార్లకు మామూలు బ్యాటరీలు పనికిరావు. యాసిడ్‌ను గాజు పీచు మ్యాట్‌లో పట్టి ఉంచే ఏజీఎం రకమో, పలకలను బలపరిచి తయారుచేసే ఈఎఫ్‌బీ రకమో కావాలి. సగం ఛార్జిలో తరచూ నలిగినా తట్టుకునేలా వాటిని రూపొందిస్తారు. ధర మామూలు వాటికంటే ఎక్కువ. ‘‘ఎందుకు సార్ అంత డబ్బు, ఇది పెట్టించండి, ఇదీ అదే సైజు’’ అని షాపువాడు అంటాడు. సైజు అదే, నిజమే. క్లాంపు కూడా సరిపోతుంది. కొన్ని నెలల తర్వాత ఇంజిన్ మళ్లీ ఆగడం మానేస్తుంది. ఇంకొన్నాళ్లకు బ్యాటరీయే చేతులెత్తేస్తుంది.

సరైన రకమే కొన్నా ఇంకో మెలిక ఉంది. కొన్ని కంపెనీల కార్లలో బ్యాటరీ మార్చినట్టు కంప్యూటర్‌కు స్కానర్ ద్వారా చెప్పాలి. చెప్పకపోతే అది పాత ముసలి బ్యాటరీయే ఉందనుకుని దానికి తగ్గట్టే ఛార్జి చేస్తుంది. కొన్ని కార్లలో సెన్సర్ కొద్ది రోజుల్లో తనంతట తానే కొత్త బ్యాటరీని ఆనవాలు పట్టి నేర్చుకుంటుంది. ఏ కారు ఏ రకమో చేతిపుస్తకం చూడాల్సిందే.

మూడోది మన దేశంలో మరీ ఎక్కువగా కనిపించే అలవాటు. కారు కొన్న వారానికే యాంప్లిఫయర్, పెద్ద హారన్, అదనపు లైట్లు, డ్యాష్‌క్యామ్ వచ్చి చేరతాయి. వాటి ఎర్త్ వైరును సులువుగా ఉంటుందని నేరుగా బ్యాటరీ మైనస్ కొన మీదే బిగిస్తారు. అప్పుడు ఆ కరెంటు సెన్సర్ పలకను దాటకుండానే బ్యాటరీకి చేరుతుంది. టోల్‌గేటు పక్కనుంచి మట్టిరోడ్డు వేసినట్టు. పద్దులో ఖర్చు పడదు, పెట్టెలో డబ్బు మాత్రం తగ్గుతుంది. బ్యాటరీ డౌనయినప్పుడు వేరే కారు నుంచి జంపర్ కేబుల్ కలిపేటప్పుడూ ఇదే పొరపాటు. నల్ల కేబుల్‌ను కంపెనీ చూపించిన ఎర్త్ పాయింటుకు, అంటే బాడీకో ఇంజిన్‌కో, తగిలిస్తే వచ్చిన ఛార్జి కూడా లెక్కలోకి ఎక్కుతుంది. ఇవేవీ రహస్యాలు కావు. చేతిపుస్తకంలో ఎక్కడో ఒక పేజీలో ఉంటాయి. చదివేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

ఇంతా చేసి మిగిలేది ఎంత అన్నది న్యాయమైన ప్రశ్నే. చిన్న పెట్రోల్ ఇంజిన్ ఊరికే తిరుగుతూ గంటకు 0.6 లీటరు తాగుతుందనుకుందాం. రోజుకు 20 నిమిషాలు ఆపితే 0.2 లీటరు మిగులు. ఏడాదిలో 300 రోజులకు 60 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన 6,000 రూపాయలు. నగరంలో తిరిగే వాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు. ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకు ఇందులో పదో వంతు కూడా రాకపోవచ్చు. బ్యాటరీ మూడు నాలుగేళ్లు నిలబడితే లాభం, ఏడాదిన్నరకే పోతే ఆ లాభంలో పెద్ద భాగం షాపువాడి గల్లాపెట్టెకు పోతుంది. అంటే మిగులును తేల్చేది ఇంజిన్ కాదు, బ్యాటరీ ఆయుష్షు. దాన్ని ముందుగా చెప్పగల సెన్సర్‌కే యజమానితో మాట్లాడే వీల్లేదు.

ప్రభుత్వాల లెక్క దీనికి భిన్నంగా ఉంటుంది. మన దేశంలో కార్ల కంపెనీలు అమ్మే మొత్తం కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 130 గ్రాములు దాటకూడదన్న నిబంధన 2017-18లో అమల్లోకి వచ్చింది. 2022-23 నుంచి దాన్ని 113 గ్రాములకు బిగించారు. ఈ అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద తేలుతుంది. అక్కడ వాడే డ్రైవింగ్ సైకిల్‌లో నగర భాగం దాదాపు మూడో వంతు సమయం బండి నిలబడే ఉంటుంది. కాబట్టి స్టాప్-స్టార్ట్ ఉన్న కారుకు మంచి మార్కులు పడతాయి. 2015లో మొదలైన ఫేమ్ పథకం కింద డీజిల్ మైల్డ్ హైబ్రిడ్‌లకు సబ్సిడీ కూడా ఇచ్చారు. 2017 ఏప్రిల్ 1 నుంచి దాన్ని ఉపసంహరించారు. పరీక్ష పాసయ్యేది ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీతో. ఐదేళ్ల తర్వాత, చౌక బ్యాటరీ పెట్టించిన కారులో, ఆగడం మానేసిన ఇంజిన్‌తో ఆ గ్రాములు ఎంత మిగిలాయో లెక్కలోకి రాదు. ఎన్నికల ప్రణాళికను చూసి ఐదేళ్ల పాలనకు మార్కులు వేసినట్టుంటుంది ఈ పద్ధతి.

మరోవైపు ప్రజలను బతిమాలే మార్గమూ ఉంది. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ అంటూ చౌరస్తాల్లో కార్యకర్తలను నిలబెట్టి, ఇంజిన్లు చేత్తో ఆపమని కోరింది. అమెరికాలో గాలి మరోలా వీచింది. స్టాప్-స్టార్ట్‌ను డ్రైవర్లు అసహ్యించుకుంటున్నారని, దానికి ఇచ్చిన ప్రోత్సాహాన్ని సరిచేస్తామని పర్యావరణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ 2025 మేలో బాహాటంగా ప్రకటించారు. ఇక్కడా ఇంజిన్ ఎక్కగానే ముందు ఆ ‘ఎ’ బటన్ నొక్కి ఏర్పాటును ఆపేసేవాళ్లు కొల్లలు. నమ్మకం కుదరని యంత్రాన్ని మనిషి పక్కన పెట్టేస్తాడు. నమ్మకం కుదరాలంటే అది ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో చెప్పాలి.

విషయం మైలేజీ దగ్గరే ఆగిపోతే ఇంత చర్చ అవసరం లేదు. కారు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. అకాలంగా చచ్చిన ప్రతి బ్యాటరీ ఎక్కడికో ఒక చోటికి కరగడానికి వెళుతుంది. సక్రమమైన కర్మాగారానికి వెళితే సీసం దాదాపు పూర్తిగా తిరిగి వాడకంలోకి వస్తుంది. పాత బ్యాటరీకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే వాడి చేతికి వెళితే ఊరి చివర పెరట్లో పగలగొట్టి, యాసిడ్ నేల మీద పారబోసి, బట్టీలో కరిగిస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము పక్కనే ఆడుకునే పిల్లల ఒంట్లోకి చేరుతుంది. ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉందని, వారిలో సుమారు 27.5 కోట్ల మంది భారతీయ పిల్లలేనని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. సీసం-యాసిడ్ బ్యాటరీలను అడ్డదిడ్డంగా కరిగించడం ప్రధాన కారణాల్లో ఒకటని అందులోనే ఉంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఆ నష్టానికి మరమ్మతు లేదు.

మన దేశంలో బ్యాటరీల నిర్వహణకు 2001లోనే నిబంధనలు పెట్టారు. 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి తెప్పించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఇవన్నీ బ్యాటరీ చచ్చాక మొదలయ్యే ఏర్పాట్లు. చావును వాయిదా వేయగల పరికరం ఇప్పటికే కార్లలో ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఛార్జి ఎంత, ఆరోగ్యం ఎంత, ఇవాళ ఇంజిన్ ఎందుకు ఆగలేదు అన్న మూడు ముక్కలు డ్యాష్‌బోర్డు మీద చూపిస్తే చాలు. ఫోను తన బ్యాటరీ శాతం మూలన చూపిస్తుంది. లక్షలు పోసి కొన్న కారు ఆ మాత్రం చెప్పకపోవడానికి సాంకేతిక కారణం లేదు.

ప్రభుత్వ కార్యాలయంలోని ఫైలు చూసే హక్కు ఈ దేశ పౌరుడికి 2005లోనే దక్కింది. తన బానెట్ కింద, తన డబ్బుతో కొన్న బ్యాటరీ గురించి రోజూ రాసే పద్దు చూడటానికి మాత్రం ఆయన సర్వీస్ సెంటర్లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అప్పటిదాకా చేయగలిగింది కొంత ఉంది. ఏసీ తగ్గించి, బెల్టు పెట్టుకుని, అరగంట నడిపాక కూడా ఇంజిన్ ఆగకపోతే మీటరు మాట వినకుండా స్కానర్ పెట్టించాలి. బ్యాటరీ మార్చేటప్పుడు సైజుతోపాటు రకం అడగాలి. అదనపు వైర్ల ఎర్త్ ఎక్కడ బిగించారో దగ్గరుండి చూడాలి. పాత బ్యాటరీ ఎవరి చేతికి వెళుతోందో, దానికి రసీదు ఇస్తున్నారో లేదో కనుక్కోవాలి.